అన్నీ వడదెబ్బే అనుకోవద్దు

అమ్మాయ్,

తమ్ముడికి మానసిక జబ్బుకు రిస్పెరిడోన్, లిథియం మందులు రెండూ మొదలుపెట్టారని మీ అమ్మ చెప్పింది. మందులు మాన్పించమని రాయట్లేదు, వాటి వల్లే మీ పెదనాన్న ఇన్నేళ్లూ కొట్టు చూసుకున్నారు. నా భయమల్లా మన బెజవాడ ఎండల్లో మందు తేడా చేస్తే వడదెబ్బ అనో, జబ్బు ముదిరిందనో అనుకుని ఇంట్లోనే కూర్చుంటారని.

ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే కిడ్నీలు లిథియాన్ని బయటికి పంపలేవు, అది రక్తంలో పేరుకుపోతుంది. అందుకే వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చెయ్యి. ఒళ్లు నొప్పులంటే మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అడిగి వెయ్యకు, అవీ రక్తంలో లిథియం లెవెల్ పెంచుతాయి. చేతులు సన్నగా వణకడం చాలామందికి ఉండేదే. కానీ గ్లాసు పట్టుకోలేనంత వణుకు, మాట ముద్దగా రావడం, తూలుతూ నడవడం కనిపిస్తే లిథియం తర్వాతి డోసు వెయ్యకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లు. లెవెల్ 1.5 దాటితే ప్రమాదమంటారు గానీ, రిపోర్టులో అంకె బాగుందని మనిషి తూలుతున్నా ఊరుకోవద్దు. మామూలు పరీక్షకైతే చివరి డోసు వేసిన 12 గంటలకు రక్తం ఇవ్వాలి, ల్యాబ్ వాళ్లు అడగకపోయినా నువ్వే గుర్తుపెట్టుకో.

రిస్పెరిడోన్‌తో మెడ పక్కకు తిరిగిపోయి కళ్లు పైకి లాగేయవచ్చు. చూడ్డానికి భయంగా ఉంటుంది, పక్కింటివాళ్లు గాలి సోకిందని తాయెత్తు కూడా తెస్తారు (తెచ్చారు మా ఇంటికి!). ఆసుపత్రిలో ఇంజెక్షన్ ఇస్తే చాలావరకు త్వరగానే తగ్గిపోతుంది. కాలు నిలవక గదంతా తిరుగుతున్నా జబ్బు పెరిగిందని తేల్చెయ్యకు, అది మందు వల్లే కావచ్చు, డోసు పెంచమని అడిగేముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పు.

అన్నిటికన్నా భయపడాల్సింది, జ్వరంతోపాటు ఒళ్లు కర్రలా బిగుసుకుపోయి, చెమటలు పట్టి, మనిషి అయోమయంగా మాట్లాడటం. అప్పుడు పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోకు, వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికీ వద్దు. రిస్పెరిడోన్ ఇంకొక్కటి కూడా వెయ్యకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రి క్యాజువాల్టీకి తీసుకెళ్లు. అక్కడ చెప్పాల్సిన మొదటి మాట 'జ్వరం' కాదు, 'మానసిక వ్యాధికి మందులు వాడుతున్నాడు' అని. పరువు పోతుందని మీ నాన్న ఆ మాట దాస్తాడు, నాకు తెలుసు, కాబట్టి నువ్వే చెప్పు. కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే సీపీకే రక్తపరీక్ష చెయ్యాలా అని కూడా అడుగు.

మందుల స్ట్రిప్‌లు ఇవాళే ఫోటో తీసి మీ అమ్మ ఫోన్‌లో కూడా పెట్టు.

పెద్దమ్మ