సీపీఎస్ 15 అంటే 15 నెలలని కాదమ్మా

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. రెండేళ్ల కిందట నాలుక క్యాన్సర్‌కి ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి. బాగానే ఉన్నారనుకుంటుంటే మొన్న స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో నాలుగు చిన్న గడ్డలు కనబడ్డాయి, బయాప్సీలో పాత క్యాన్సరే అని తేలింది. రిపోర్టులో పీడీ-ఎల్1 సీపీఎస్ 15 అని ఉంది. ఆ మార్కర్ ఎక్కువుంటే మంచిదని తమ్ముడంటాడు, ఎక్కువుంటే జబ్బు మొండిదని నేను చదివాను. రక్తపరీక్షలో న్యూట్రోఫిల్స్ ఎక్కువ, లింఫోసైట్స్ తక్కువ అని కూడా ఉంది. నాన్నకి ఎంత టైమ్ ఉందో ఈ నంబర్లు చెప్తాయా?

జవాబు: తమ్ముడిదీ తప్పు కాదు, మీదీ తప్పు కాదమ్మా. క్యాన్సర్‌ని చంపాల్సిన టీ కణాల మీద పీడీ-1 అని ఒక బ్రేకు ఉంటుంది, దాన్ని తొక్కే కాలు అనుకోండి ఈ పీడీ-ఎల్1ని. అది ఎక్కువుందంటే గడ్డ టీ కణాల్ని గట్టిగా ఆపుతోందన్నమాట, మొండిది అనేది అందుకే. కానీ చాలాసార్లు ఏమవుతుందంటే టీ కణాలు అప్పటికే లోపలికి చొరబడి ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనం వదుల్తాయి, ఆ దెబ్బ కాచుకోడానికే గడ్డ పీడీ-ఎల్1 పెంచుకుంటుంది. అంటే కొట్లాడేవాళ్లు అక్కడే ఉన్నారు, చేతులు కట్టేసున్నాయంతే. ఆ కట్లు విప్పేవే పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ మందులు.

సీపీఎస్ 15 అంటే 15 శాతం జబ్బు అని కాదు. పీడీ-ఎల్1 పరీక్షలో రంగు పట్టిన క్యాన్సర్ కణాలు, లింఫోసైట్స్, మాక్రోఫేజెస్ అనే రోగనిరోధక కణాలు అన్నీ కలిపి లెక్కపెట్టి, మొత్తం బతికున్న క్యాన్సర్ కణాలతో భాగించి వందతో గుణిస్తే వచ్చే అంకె అది. ఏ మందు మొదలుపెట్టాలో చెప్పడానికి పనికొస్తుంది, మనిషి ఆయుష్షు లెక్కకట్టడానికి కాదు. తల, మెడ క్యాన్సర్ తిరగబెట్టినవాళ్ల మీద, పాకినవాళ్ల మీద చేసి 2019లో వచ్చిన కీనోట్-048 ట్రయల్‌లో సీపీఎస్ 1 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నవాళ్లలో ఒక్క పెంబ్రోలిజుమాబే తీసుకున్నవాళ్లు బతికిన కాలం మీడియన్ 12.3 నెలలు, సెటుక్సిమాబ్ అనే వేరే రకం మందుతో కీమో తీసుకున్నవాళ్లది 10.3. సీపీఎస్ 20, ఆ పైన అయితే 14.9, 10.7. మీడియన్ అంటే సగం మంది అంతకన్నా ఎక్కువే బతికారని, ఆ సగంలో నాన్న ఉంటారో లేదో ఏ మార్కరూ చెప్పలేదు.

నన్నడిగితే ఆ ట్రయల్‌లో అసలు చూడాల్సింది వేరే ఉంది. పెంబ్రోలిజుమాబ్ ఒక్కటే ఇస్తే గడ్డ బాగా తగ్గేది దాదాపు ఐదుగురిలో ఒకరికే, అటు సెటుక్సిమాబ్ కీమోతో ముగ్గురిలో ఒకరికి, కానీ ఇమ్యునోథెరపీకి తగ్గినవాళ్లకి ఆ తగ్గుదల మీడియన్ 20 నెలల పైన నిలబడింది, రెండోదాంట్లో ఐదు నెలలు కూడా నిలవలేదు. అందుకే ఆయాసం, నొప్పి ఎక్కువుండి గడ్డ త్వరగా తగ్గాల్సిన వాళ్లకి పెంబ్రోలిజుమాబ్‌తో పాటు కీమో కలుపుతారు, ఓపిక బాగుండి గడ్డలు చిన్నవైతే ఒక్కటే ఇచ్చి చూడొచ్చు.

న్యూట్రోఫిల్స్ ఎక్కువై లింఫోసైట్స్ తగ్గితే ఫలితం కాస్త తక్కువని చాలా స్టడీల్లో కనబడింది, నిజమే, కానీ మొన్న జ్వరమొచ్చినా, స్టెరాయిడ్ వాడినా న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, రేడియేషన్ తర్వాత లింఫోసైట్స్ చాలాకాలం తక్కువే ఉంటాయి. దాన్ని చూసి మందు మార్చరు, మీరూ దాంతో నిద్ర పాడుచేసుకోకండి.

డాక్టర్‌ని మాత్రం ఇవి అడగండి. సీపీఎస్ చూసింది పాత నాలుక ముక్క మీదా, కొత్త ఊపిరితిత్తి ముక్క మీదా? రెంటికీ తేడా రావొచ్చు. జబ్బు నాలుక వెనకభాగంలో మొదలైతే, హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చిందేమో చూసే పీ16 పరీక్ష చేశారా? అక్కడ హెచ్‌పీవీ వల్ల వచ్చినదైతే ఊపిరితిత్తులకి పాకినా మిగతావాటికన్నా మెరుగ్గా ఉంటుంది. మెడలో ఏమీ లేకుండా నాలుగే గడ్డలంటే సర్జరీకో, గురిపెట్టి ఇచ్చే రేడియేషన్‌కో వీలుందేమో అది కూడా అడగాలి.

ఇమ్యునోథెరపీ మొదలుపెడితే బ్రేకు తీసిన టీ కణాలు మంచి అవయవాల మీద కూడా పడొచ్చు, అందుకే థైరాయిడ్ టెస్టులు తప్పకుండా చేయిస్తుండండి. కీళ్లవాతం లాంటివి ముందునుంచీ ఉంటే ఇప్పుడే చెప్పేయండి. ఇంకోటి, కొత్తగా పొడిదగ్గు, ఆయాసం వస్తే జబ్బు పెరిగిందిలే అని ఇంట్లో కూర్చోకండి, మందు వల్లే ఊపిరితిత్తులు వాచొచ్చు, దానికి స్టెరాయిడ్లతో వైద్యం ఉంది, అదే రోజు ఫోన్ చేయాలి.