మెగ్నీషియం–నికెల్ పొడి జార్‌కి అంటుకుపోతోందా?

ప్రశ్న: మెగ్నీషియం, నికెల్ పొడుల్ని 2:1 పాళ్లలో బాల్ మిల్లులో (గుండ్లతో పొడిని నూరే యంత్రం) తిప్పుతున్నాం. సగం పొడి జార్ గోడకే అంటుకుపోతోంది. ఎక్స్‌-రే పరీక్షలో విడి మెగ్నీషియం ఇంకా కనిపిస్తోంది. ఆ పొడితో చేసిన బ్యాటరీ ఎలక్ట్రోడ్ నాలుగైదు ఛార్జింగులకే చతికిలబడుతోంది. ఏం చేయాలి?
– ఎం.టెక్. విద్యార్థిని, వరంగల్

జవాబు: ముందు తూకం చూసుకోండి. 2:1 అనేది పరమాణువుల లెక్క. 10 గ్రాముల పొడికి మెగ్నీషియం 4.53, నికెల్ 5.47 గ్రాములు పడతాయి.

తూకం సరిగ్గానే ఉంటే, లోపం మిల్లింగులో ఉంది. మెగ్నీషియం మెత్తటి లోహం. గుండ్ల మధ్య నలిగి రేకులై గోడకి అతుక్కుంటుంది, దాంతో మిగతా పొడిలో పాళ్లు కూడా మారిపోతాయి. 1–2 శాతం స్టియరిక్ ఆమ్లం కలిపితే అతుకు తగ్గుతుంది. అంతకు మించితే కార్బన్, ఆక్సిజన్ పొడిలో చేరతాయి. గుండ్ల బరువు పొడికి 10 నుంచి 20 రెట్లు ఉండాలి. అరగంట తిప్పి అరగంట ఆపండి, జార్ చల్లారాలి. మధ్యమధ్య గోడ గీకి పొడిని కిందికి దించండి, అదీ ఆర్గాన్ నింపిన గ్లవ్ బాక్సులోనే. సన్నటి తాజా పొడి గాలి తగిలితే భగ్గుమంటుంది. ఆ మంట మీద నీళ్లు, కార్బన్ డయాక్సైడ్ అసలు వాడకూడదు. లోహాల మంటలకు వాడే డి తరగతి పొడి చేతికి అందేలా పెట్టుకోండి.

ఎక్స్‌-రేలో మిశ్రలోహానికి 45 డిగ్రీల కోణం దగ్గర వచ్చే శిఖరాన్ని నమ్మొద్దు. నికెల్ శిఖరం 44.5 దగ్గరే ఉంటుంది, రెండూ కలిసిపోతాయి. రాగి లక్ష్యం ఉన్న ఎక్స్‌-రే గొట్టంతో తీస్తే మిశ్రలోహానికి గుర్తు 20 డిగ్రీల దగ్గర, విడి మెగ్నీషియానికి 36.6 దగ్గర.

ఇక ఎలక్ట్రోడ్. ఛార్జింగులో హైడ్రోజన్ పట్టుకుని, డిశ్చార్జిలో వదలడమే దీని పని. ఈ 2:1 మిశ్రలోహం 3.6 శాతం హైడ్రోజన్ పట్టుకుంటుందని 1968లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో రైలీ, విస్వాల్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. లెక్క ప్రకారం దీని విద్యుత్ సామర్థ్యం గ్రాముకు 999 మిల్లీఆంపియర్-గంటలు, లాంథనం–నికెల్ మిశ్రలోహానికి 372 మాత్రమే. కానీ హైడ్రోజన్ ఒక వాతావరణ పీడనంతో బయటికి రావాలంటే సుమారు 250 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి, మామూలు వేడిలో పనిచేసే బ్యాటరీకి అది కుదరదు. అందుకే హైడ్రోజన్ నిల్వకు 2:1 బాగుంటుంది, బ్యాటరీకి 1:1 పాళ్లలో, స్ఫటిక రూపం పోయేదాకా తిప్పిన పొడి మేలు: 10 గ్రాములకు మెగ్నీషియం 2.93, నికెల్ 7.07. దీని మొదటి డిశ్చార్జి గ్రాముకు 400–500 మిల్లీఆంపియర్-గంటల దాకా వస్తుంది.

అయినా తరవాత పడిపోతుంది. బ్యాటరీలో వాడే 6 మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో మెగ్నీషియం పైన హైడ్రాక్సైడ్ పొర కట్టి హైడ్రోజన్ దారి మూసేస్తుంది. మెగ్నీషియంలో కొంత భాగానికి బదులు టైటానియం గానీ అల్యూమినియం గానీ వేస్తే ఈ తుప్పు నెమ్మదిస్తుంది, పూర్తిగా ఆగదు. పాదరసం–మెర్క్యూరిక్ ఆక్సైడ్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి −0.6 వోల్టుల దగ్గర డిశ్చార్జి ఆపండి. దాటితే లోహం తుప్పు పట్టేటప్పుడు వచ్చే కరెంటు కూడా సామర్థ్యం లెక్కలో కలిసిపోతుంది.