రోజా (ఉపవాసం) కావాలని తెంచాక 60 మందికి భోజనం పెడితే సరిపోతుందా?

మీరు కఫ్ఫారాను (రోజా తెంచినందుకు పరిహారాన్ని) చివరి మెట్టు నుంచి మొదలుపెడుతున్నారు, చిక్కు అక్కడే. రంజాన్ రోజాకు నియ్యత్ (సంకల్పం) చేసుకుని, మధ్యాహ్నం చిత్తూరు ఎండకు తాళలేక నీళ్లు తాగేశానన్నారు. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లకు 60 మందికి బిర్యానీ పెట్టడం చెల్లదు.

ఇది ఇస్లామీ న్యాయశాఖల్లో ఒకటైన హనఫీ లెక్క. మరో శాఖ షాఫయీలకైతే తిన్నా, తాగినా కజా (తెంచినదానికి బదులు రోజా) ఒక్కటే.

1. ప్రాణం మీదికొచ్చే దాహమా? అయితే ఒక్క కజా రోజా చాలు.

2. కాదంటే ఆ కజాతో పాటు వరసగా 60 రోజాలు.

3. అందరూ బోల్తా పడేది ఈ వరస దగ్గరే. 59వ రోజు జ్వరమొచ్చి మానేసినా మళ్లీ ఒకటి నుంచే. ఆడవాళ్ల నెలసరికి మాత్రం మినహాయింపు, ఆగగానే కొనసాగించాలి. మధ్యలో బక్రీద్, ఆ తర్వాతి 3 రోజులు పడకూడదు. అందుకే షవ్వాల్ (రంజాన్ తర్వాతి నెల) 8 దాటకుండా మొదలుపెట్టండి. దాటిపోతే ముహర్రం (బక్రీద్ నెల తర్వాతి నెల) 1 దాకా ఆగడం మేలు: చాంద్రమాసం మొదటి తేదీన పట్టుకుంటే రెండు నెలలు నిండితే చాలు, 58 రోజులే వచ్చినా సరే.

4. ముసలితనమో, నయం కాని జబ్బో ఉంటేనే భోజనం. 60 మంది పేదలకు, అదే మనుషులకు, రెండు పూటలా కడుపునిండా. డబ్బయితే తలా ఒక ఫిత్రా (రంజాన్ పండుగకు మనిషికింత అని ఇచ్చే దానం) మొత్తం. మీ మసీదులో ఆ ఏడు ప్రకటించిన రేటు అడగండి. మొత్తం ఒక్కరి చేతిలో ఒకే రోజు పెడితే ఒక్కరి కిందే జమ.