సీబీఎస్‌ఈ మార్కులకు అన్యాయం జరిగిందని హైకోర్టుకు వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది పలాస. జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమస్తాగా పనిచేస్తున్నాను. మా అబ్బాయి సీబీఎస్‌ఈలో ప్లస్ టూ చదివాడు. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 300కి 274 వచ్చాయి. పక్కింటి అబ్బాయికి స్టేట్ బోర్డులో 98 శాతం. ఈఏపీసెట్ పరీక్షలో ఇద్దరికీ దాదాపు ఒకే మార్కులు వచ్చినా, ర్యాంకులో మావాడు వేల స్థానాలు వెనకబడ్డాడు. విజయనగరం జేఎన్‌టీయూలో సీఎస్‌ఈ వస్తుందనుకుంటే మొదటి విడతలో ఎక్కడో ప్రైవేటు కాలేజీ వచ్చింది. పిల్లాడు సరిగ్గా అన్నం తినడం లేదు. గట్టిగా దిద్దే బోర్డునీ, ధారాళంగా మార్కులు వేసే బోర్డునీ ఒకే గాటన కట్టడం అన్యాయం కాదా? ఇంటర్ వెయిటేజీ కొట్టేయమని హైకోర్టులో కేసు వేయవచ్చా? వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని మా బావమరిది అంటున్నాడు. ఓపెన్ స్కూల్ మెమో 95 శాతంతో తెప్పిస్తానని ఒక కన్సల్టెంట్ అంటున్నాడు. ర్యాంకు కార్డులో ఇంటర్ మార్కులు 194 అని ఉన్నాయి. నార్మలైజేషన్‌లో, అంటే వేర్వేరు పేపర్ల మార్కుల్ని సమం చేసే లెక్కలో, తగ్గి ఉంటాయని నెట్ సెంటర్‌లో చెప్పారు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే చూస్తామన్నారు.
– ఒక తండ్రి, పలాస

జవాబు: మీ కేసంతా మీరు చివర్లో రాసిన ఆ 194 దగ్గర ఉంది. బోర్డుల సంగతి తర్వాత చూద్దాం.

274లోంచి 194 తీసేస్తే 80. సీబీఎస్‌ఈలో లెక్కలకు ఇంటర్నల్ 20 మార్కులు, ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌కు 30, కెమిస్ట్రీకి 30. మొత్తం 80. మెమో ముందు పెట్టుకుని చూడండి. మీ అబ్బాయికి ఈ మూడింటిలో పూర్తి మార్కులు వచ్చి ఉంటే, ఇంటర్ మార్కుల కోసం మీరు ఆన్‌లైన్‌లో నింపిన డిక్లరేషన్ ఫారంలో థియరీ కాలమ్‌లోని మార్కులు మాత్రమే ఎక్కాయి. దాన్ని నార్మలైజేషన్ అనరు, తప్పుడు ఎంట్రీ అంటారు.

ఎంత నష్టం జరిగిందో లెక్క వేసుకోండి. ర్యాంకు కట్టేటప్పుడు ప్రవేశ పరీక్షకు 75, ఇంటర్ గ్రూపు సబ్జెక్టులకు 25. మీవాడి 274కి 22.83 రావాలి, 194కి వచ్చింది 16.17. పక్కింటి అబ్బాయికి 24.5. అంటే మీరు బోర్డుల తేడా అంటున్నది పాయింట్లలో 1.67. ఎంట్రీ తప్పు వల్ల పోయింది 6.67. 160 మార్కుల పరీక్షలో చెప్పాలంటే 14 మార్కులు పైనే. మీరు పెద్ద నష్టాన్ని వదిలేసి చిన్నదాని మీద హైకోర్టుకు వెళదామంటున్నారు.

ఇక్కడ ఒక మాట గట్టిగానే చెప్పాలి. స్టేట్ బోర్డు పిల్లల మార్కులు ఇంటర్ బోర్డు నుంచి నేరుగా వెళతాయి. సీబీఎస్‌ఈ, ఓపెన్ స్కూల్ లాంటి ఇతర బోర్డుల పిల్లలు తమ మార్కులు తామే నమోదు చేసుకోవాలి. ఆ ఫారం సబ్మిట్ చేసేముందు మీరుగానీ అబ్బాయిగానీ ఒక్కసారి మెమోతో సరిచూశారా? ర్యాంకు కార్డు వచ్చాకైనా 194 ఏమిటని ఈఏపీసెట్ కన్వీనర్‌కు ఒక్క ఉత్తరం రాశారా? నెట్ సెంటర్ కుర్రాడి మీద నెట్టేస్తే కోర్టు ఒప్పుకోదు. లాగిన్ మీది, డిక్లరేషన్ మీది. ఇక హెల్ప్‌లైన్ ఫోన్‌కాల్ సాక్ష్యం కాదు. ఎవరు మాట్లాడారో, ఏ తేదీనో మీ దగ్గర ఏ కాగితమూ లేదు.

కాబట్టి ముందు తేల్చాల్సింది ఒకటే: ఆ ఫారంతో పాటు మెమో స్కాన్ కూడా అప్‌లోడ్ చేశారా? చేసి ఉంటే సరైన అంకె అధికారుల ముందే ఉంది, దాన్ని సరిచూడకుండా ర్యాంకు ఇచ్చారని వాదించవచ్చు. లేదంటే తప్పు మొత్తం మీ వైపే ఉంటుంది, కేసు బలహీనపడుతుంది. మెడికల్ సీటు పోగొట్టుకున్న ఆంధ్రప్రదేశ్ విద్యార్థిని కేసులో 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల బెంచ్ ఇదే చెప్పింది. విద్యార్థి తప్పు ఏమీ లేకుండా, ఆలస్యం చేయకుండా కోర్టుకు వస్తే అరుదైన సందర్భాల్లో సీటు ఇప్పించవచ్చని. ఆ రెండు షరతులూ మీవాడికి పరీక్షే.

ఆలస్యం సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఇలాంటి వాటికి హైకోర్టులో వేసేది రిట్ పిటిషన్. దానికి చట్టంలో ఇన్ని రోజులని గడువు లేదు, అది నిజం. కానీ అడ్మిషన్లకు క్యాలెండర్ ఉంటుంది. తుది విడత సీట్లు నిండి, తరగతులు మొదలయ్యాక వెళితే, ఇన్నాళ్లూ ఏం చేశారని అడుగుతారు. అప్పటికి మీ సీటు ఇంకో పిల్లాడి చేతిలో ఉంటుంది, అతణ్ని కదపడానికి ఏ న్యాయమూర్తీ సులువుగా ఒప్పుకోరు.

వినియోగదారుల కమిషన్ ఆలోచన మానేయండి. పరీక్షలు నిర్వహించే బోర్డు సేవలు అమ్మే సంస్థ కాదని సుప్రీంకోర్టు 2009లోనే తేల్చింది. సివిల్ కోర్టులో దావా కూడా ఇక్కడ పనికిరాదు. ప్రభుత్వం మీద వేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి, అత్యవసరమని కోర్టు అనుమతి తెచ్చుకుంటే తప్ప. ఈలోగా కౌన్సెలింగ్ అయిపోతుంది.

కన్సల్టెంట్ గురించి. ఆ మనిషితో ఇక మాట్లాడకండి, అడ్వాన్సు ఇవ్వకండి, అబ్బాయి ఆధార్, ఫొటోలు ఇవ్వకండి. పరీక్ష రాయని బోర్డు నుంచి వచ్చే మెమో నకిలీదే అవుతుంది. మోసం కోసం ఫోర్జరీ, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 336(3). దాన్ని అసలుదిగా వాడటం 340(2). మోసం 318(4). శిక్ష ఏడేళ్ల వరకు ఉంటుంది, తెప్పించిన తండ్రి కూడా నిందితుడే. ఫైనలియర్‌లో బయటపడినా అడ్మిషన్ రద్దవుతుంది. నిజమైన 274 చేతిలో పెట్టుకుని దొంగ మెమో కోసం ఎందుకు చూస్తున్నారండీ?

ఇప్పుడు బోర్డుల పోలిక. మీ బాధలో న్యాయం ఉంది. వేర్వేరు పేపర్లు, వేర్వేరు మూల్యాంకనాల మార్కుల్ని నేరుగా పక్కపక్కన పెట్టడం సరికాదనే నేనూ అనుకుంటాను. జేఈఈ మెయిన్‌లో 2013 నుంచి 2016 వరకు బోర్డు మార్కులకు 40 శాతం వెయిటేజీ ఇచ్చినప్పుడు, ఏ బోర్డు వాళ్లను ఆ బోర్డులోనే పోల్చి పర్సంటైల్‌గా మార్చారు. 2017 నుంచి అదీ తీసేశారు. తెలంగాణ 2023లో ఇంటర్ వెయిటేజీ వదిలేసింది. మనకు కోవిడ్‌లో ఆపి, 2023లో మళ్లీ తెచ్చారు. అయితే ఇది ప్రభుత్వ విధానం. రూల్ తెలిసి ఫీజు కట్టి, పరీక్ష రాసి, ఆప్షన్లు పెట్టుకుని, ఫలితం నచ్చలేదని అదే రూల్‌ను సవాలు చేస్తే కోర్టు వినదు. 1995 నుంచి సుప్రీంకోర్టు పదేపదే చెబుతున్న మాట ఇది. ఆ సవాలు నోటిఫికేషన్ రాగానే, పరీక్షకు ముందే వేయాలి. ఇంట్లో చిన్నవాళ్లుంటే గుర్తుపెట్టుకోండి, ఈ ఏడాదికి మాత్రం ఆ ద్వారం మూసుకుపోయింది.

రేపు ఉదయమే చేయాల్సింది చెబుతాను. డిజిలాకర్ నుంచి సీబీఎస్‌ఈ మెమో, సైట్ నుంచి ర్యాంకు కార్డు, సబ్మిట్ చేసిన డిక్లరేషన్ ఫారం ప్రింటు తీయండి. కన్వీనర్‌కు ఒక పేజీ అర్జీ రాయండి: థియరీ మార్కులే నమోదయ్యాయి, సరైనవి ఇవి, తుది విడతకు ముందు ర్యాంకు సవరించండి అని. అన్నం తినడం లేదని, పక్కింటి అబ్బాయికి ఎంత వచ్చిందని అందులో రాయొద్దు. ఈమెయిల్‌లోనూ స్పీడ్ పోస్టులోనూ పంపి రసీదు దాచండి. మొదటి విడతలో వచ్చిన సీటును వదులుకోకండి. ఫీజు కట్టి రిపోర్ట్ చేయండి, ర్యాంకు సవరణ హక్కుకు భంగం లేకుండా చేరుతున్నామని అర్జీలో ఒక వాక్యం చేర్చండి. తుది విడత ఆప్షన్లు కూడా పెట్టండి.

మూడు నాలుగు రోజుల్లో జవాబు రాకపోతే ఆ కాగితాలన్నీ తీసుకుని అమరావతిలో హైకోర్టులో ప్రాక్టీసు చేసే న్యాయవాదిని కలవండి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి కూర్చోవద్దు, దానికి 30 రోజులు పడుతుంది. అబ్బాయికి 18 నిండితే పిటిషన్, అఫిడవిట్ అతని పేరు మీదే ఉండాలి. నిండకపోతే సంరక్షకుడిగా మీరు వేయవచ్చు.