డిశ్చార్జి బుక్కులో చేరని మెడల్‌ను ఇన్నేళ్ల తరువాత చేర్పించుకోవచ్చా?

జై హింద్, హవల్దారు గారూ. మీరు అడిగినదానిలో రెండు విషయాలు కలిసి ఉన్నాయి. రెండింటి దారులూ వేరు కనుక ముందే వాటిని విడదీస్తాను. 1999 వేసవిలో, కార్గిల్ యుద్ధ కాలంలో, మీరు మీ యూనిట్ నుంచి తాత్కాలికంగా మరొక రెజిమెంటుకు అటాచ్‌మెంటు మీద వెళ్లి ద్రాస్‌లో పనిచేశారు. అయినా సైన్యం నుంచి బయటకు వచ్చేటప్పుడు ఇచ్చే మీ డిశ్చార్జి బుక్కులో జమ్మూ కశ్మీర్ క్లాస్ప్‌తో (రిబ్బను మీద ప్రాంతం పేరు ఉండే పట్టీతో) సైన్య సేవా మెడల్, తొమ్మిదేళ్ల లాంగ్ సర్వీస్ మెడల్ మాత్రమే ఉన్నాయి, ఆ యుద్ధానికి ఇచ్చిన ఆపరేషన్ విజయ్ స్టార్ లేదు. ఇది మొదటి విషయం. అప్పటి కంపెనీ కమాండర్ గారు మీ పేరును సేనా మెడల్‌కు పంపానని మీతో అన్నారు, ఆ తరువాత దాని కబురే లేదు. ఇది రెండవది. మొదటిదానికి ఇప్పటికీ అవకాశం ఉంది. రెండవదానికి దాదాపు లేదనే చెప్పాలి, దాని కారణం కింద రాస్తాను.

నేనూ ఇటువంటి పనిలోనే చాలాకాలం తిరిగినవాణ్ణి. 2001 డిసెంబరులో పార్లమెంటుపై దాడి జరిగాక సైన్యాన్ని పడమటి సరిహద్దుకు కదిలించినప్పుడు, మా యూనిట్ నుంచి కొందరం ఒక చిన్న జట్టుగా వేరొక యూనిట్‌తో రాజస్థాన్ ఎడారిలో ఉన్నాము. ఆపరేషన్ పరాక్రమ్ మెడల్‌కు పేర్లు పంపే సమయానికి మేము ఎడారిలో మాతో ఉన్నవారి జాబితాలోనూ లేము, మా సొంత యూనిట్ జాబితాలోనూ లేము. వారి లెక్కలో మేము అతిథులం, వీరి లెక్కలో బయటకు వెళ్లినవారం. యూనిట్ల పేర్లు చెప్పను, ఎవరూ కావాలని చేసిన పని కాదు. డీఎస్‌సీలో (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో) చేరడానికి కాగితాలు సర్దుకుంటున్నప్పుడు ఆ మెడల్ ఎంట్రీ లేదని కనిపించింది, తరువాత దానిని చేర్పించుకోగలిగాను. మీ సంగతి చదువుతుంటే కారణం అదే అయి ఉంటుందని గట్టిగా అనిపిస్తోంది. అటాచ్‌మెంటు మీద వెళ్లినవారికి జరిగే నష్టాలలో ఇది చాలా మామూలు.

మీరు మొదట మనసులో పెట్టుకోవలసింది ఒకటుంది. ‘నేను అక్కడ ఉన్నాను, అందరికీ తెలుసు’ అనే మాటకు, జవాన్ల సర్వీసు కాగితాలు ఉంచే రికార్డ్స్ ఆఫీసులో విలువ తక్కువ. అక్కడి గుమాస్తాకు మీ మీద అపనమ్మకం ఉండదు, కానీ అతను చూడగలిగేది పార్ట్ టూ ఆర్డర్‌ను మాత్రమే. జవాను జీవితంలో పెళ్లి, సంతానం, ప్రమోషను, గాయం, అలవెన్సు, మెడల్ ఏదైనా యూనిట్ పార్ట్ టూ ఆర్డర్‌లో ప్రచురిస్తుంది, అది రికార్డ్స్ ఆఫీసుకు చేరి, జవాను సర్వీసు రికార్డైన షీట్ రోల్‌లో ఎక్కుతుంది, బయటకు వచ్చే నాడు షీట్ రోల్‌ను చూసి డిశ్చార్జి బుక్కు నింపుతారు. కాబట్టి మీరు తేల్చుకోవలసింది ఈ గొలుసు ఎక్కడ తెగిందన్న సంగతి. షీట్ రోల్‌లో స్టార్ ఉండి డిశ్చార్జి బుక్కులో రాయడం మరచిపోయి ఉంటే అది కేవలం నకలు పొరపాటు, ఒక దరఖాస్తుతో సరిపోవచ్చు. పార్ట్ టూ ఆర్డర్ వెలువడినా షీట్ రోల్‌లో ఎక్కకపోతే ఆ ఆర్డర్ నంబరు, తేదీ చూపితే చాలు. అసలు ఆర్డరే వెలువడకపోతే మీ అర్హతను కొత్తగా రుజువు చేయవలసి వస్తుంది. శ్రమంతా ఈ మూడవ రకంలోనే ఉంది, నాది అదే రకం.

అందువల్ల మంత్రిగారికో రాష్ట్రపతి భవన్‌కో విన్నపాలు రాయడానికి ముందు మీ షీట్ రోల్‌లో మెడల్స్ నమోదు చేసిన పేజీ ధ్రువీకరించిన నకలు, 1999 నుంచి 2002 వరకు మీ పేరిట వెలువడిన పార్ట్ టూ ఆర్డర్ల నకళ్లు తెప్పించుకోండి. మామూలు ఉత్తరంతో అడిగితే ఇచ్చే ఆఫీసులు ఉన్నాయి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా 30 రోజులలోగా మొదటి అప్పీలు, దాని తరువాత 90 రోజులలోగా కేంద్ర సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలు చేసుకోవచ్చు. సైన్యానికి ఈ చట్టం వర్తించదని మీకు ఎవరో చెప్పినట్టు రాశారు, అది సరికాదు. చట్టం రెండవ షెడ్యూలులో మినహాయించిన సంస్థలలో బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్, అస్సాం రైఫిల్స్ వంటివి ఉన్నాయి కానీ భారత సైన్యం లేదు, పైగా మీరు అడుగుతున్నది మీ సొంత కాగితాలు. దరఖాస్తులో ‘నాకు మెడల్ ఎందుకు ఇవ్వలేదు’ అని అడగవద్దు, ఎందుకు అనే ప్రశ్నకు జవాబు ఇవ్వనవసరం లేదని తిప్పి పంపుతారు. ‘ఫలానా కాగితం నకలు ఇవ్వండి’ అని మాత్రమే అడగండి.

ఏ రికార్డ్స్ ఆఫీసుకు రాయాలన్నది మీ రెజిమెంటును బట్టి ఉంటుంది, అటాచ్‌మెంటు మీద ఉన్న రెజిమెంటును బట్టి కాదు. మద్రాస్ రెజిమెంటువి వెల్లింగ్టన్‌లో, మద్రాస్ ఇంజనీర్ గ్రూపువి బెంగళూరులో, ఆర్టిలరీవి నాసిక్ రోడ్ క్యాంపులో, సిగ్నల్స్‌వి జబల్‌పూర్‌లో, ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్లు), ఏఓసీ (ఆర్మీ ఆర్డనెన్స్ కోర్)లవి సికింద్రాబాద్‌లో ఉన్నాయి. ఇంటర్నెట్‌లో వెతికితే ముందుగా కనిపించేవి అమెరికా సైన్యం ఫారాలు, వారి రికార్డు సవరణ బోర్డులు. మన వ్యవస్థకు వాటితో సంబంధం లేదు, వాటి వెంట పడి సమయం పోగొట్టుకోకండి. ఇంకొక సంగతి, పింఛను లేకుండా బయటకు వచ్చినవారి షీట్ రోల్‌లను 25 ఏళ్ల తరువాత ధ్వంసం చేసే నియమం ఆర్మీ రెగ్యులేషన్స్ 595వ పేరాలో ఉంది. మీరు పింఛనుదారులు కనుక ఆ ప్రమాదం ఇప్పటికిప్పుడు లేదు. మీతో పాటు ద్రాస్‌లో ఉండి పింఛను రాకుండా వచ్చినవారు ఎవరైనా ఇదే పనిలో ఉంటే మాత్రం తొందరపడమని చెప్పండి.

ఇక రుజువుల సంగతి. నా పని నెగ్గింది మెడల్ కాగితంతో కాదు, డబ్బు కాగితంతో. ఫీల్డ్ ఏరియాలో గాని ఎత్తైన ప్రదేశంలో గాని ఉన్న జవానుకు దానికి తగిన అలవెన్సు వస్తుంది. ఆ అలవెన్సు మొదలైన తేదీ, ఆగిన తేదీ పార్ట్ టూ ఆర్డర్‌లో వస్తాయి, పే అకౌంట్స్ ఆఫీసు లెక్కలో కూడా ఉంటాయి. మెడల్ జాబితా నుంచి నన్ను వదిలేసిన యూనిట్టే అదే కాలానికి నా ఫీల్డ్ అలవెన్సును క్రమం తప్పకుండా ప్రచురించింది. ఆ ఆర్డర్ నంబరు రాసి, ‘ఈ తేదీలలో నేను ఆ ప్రాంతంలో ఉన్నట్టు మీ కాగితమే చెబుతోంది’ అని విన్నవించిన తరువాతే ఫైలు కదిలింది. మీకు ద్రాస్‌లో ఎత్తు ప్రదేశపు అలవెన్సు తప్పక వచ్చి ఉంటుంది, ముందు దానిని పట్టుకోండి.

దాని తరువాత బలమైనది మూవ్‌మెంట్ ఆర్డర్, అంటే మిమ్మల్ని అక్కడికి పంపిన ఉత్తర్వు. అది దొరకకపోతే మీరు అటాచ్‌మెంటు మీద ఉన్న రెజిమెంటు కమాండింగ్ ఆఫీసరుకు నేరుగా ఉత్తరం రాయండి. మీ సర్వీస్ నంబరు, ర్యాంకు, అప్పటి కంపెనీ, మీ ఆఫీసర్ల పేర్లు ఇవ్వండి. కార్గిల్‌లో పోరాడిన యూనిట్లు ఆనాటి కాగితాలను జాగ్రత్తగా దాచుకుంటాయి, మాజీ సైనికుడు రాసిన ఉత్తరాన్ని సాధారణంగా పక్కన పెట్టవు. అప్పుడు మీతో ఉన్న ఆఫీసరు గాని జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసరు) గాని తన నంబరు, ర్యాంకు, ఆ కాలంలో తాను చేసిన డ్యూటీ పేర్కొంటూ ప్రమాణపత్రం ఇస్తే మంచిది. తోటి జవాన్లు ఇచ్చేవి కూడా పనికివస్తాయి, కానీ వాటి బరువు తక్కువ. 56 ఏపీఓ (సైనిక తపాలా) చిరునామాతో ఇంటికి రాసిన ఉత్తరాలు మీ ఇంట్లో ఉంటే, వాటిపై ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర, తేదీ స్పష్టంగా కనిపిస్తే, జతపరచండి. అవి ఒంటరిగా నిలబడే సాక్ష్యం కాదు గాని అలవెన్సు ఆర్డర్‌కు తోడుగా బాగా ఉపయోగపడతాయి. యుద్ధ డైరీల గురించి కూడా అడిగారు. 2021లో రక్షణ శాఖ తెచ్చిన విధానం ప్రకారం అటువంటి రికార్డులను మామూలుగా 25 ఏళ్లలోగా బహిరంగపరచాలి, 1999 నాటి వాటికి ఆ గడువు నిండింది. అయినా నేను వాటి మీద ఆశ పెట్టుకోను. యూనిట్ ఎక్కడుందో డైరీ చెబుతుంది, అటాచ్‌మెంటు మీద వచ్చిన ఒక్కొక్క జవాను పేరు చెప్పదు.

దరఖాస్తు ఒక పేజీకి మించకుండా రాయండి. యుద్ధ వర్ణన వద్దు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ యూనిట్‌తో, ఏ ప్రాంతంలో, ఏ ఆర్డర్ ప్రకారం ఉన్నారో రాసి, డిశ్చార్జి బుక్కులో ఏ ఎంట్రీ చేర్చాలో స్పష్టంగా చెప్పండి. మీరు కోరేది స్టార్ అని తప్పక పేర్కొనండి, ఎందుకంటే ఆపరేషన్ విజయ్ మెడల్ వేరు, ఆపరేషన్ విజయ్ స్టార్ వేరు. స్టార్ పోరు జరిగిన ప్రాంతంలో ఉన్నవారిది, మెడల్ ఆ ఆపరేషన్ కోసం కదిలిన విస్తృత బలగాలది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఫార్వర్డింగ్ లెటర్‌తో పంపితే ఆవక నంబరు పడి ఫైలు జాడ తెలుస్తుంది, అందుకే నేను ఆ దారినే పట్టాను. అసలు డిశ్చార్జి బుక్కును వారు అడిగేదాకా పంపవద్దు. అడిగినప్పుడు అన్ని పేజీల నకళ్లు దగ్గర ఉంచుకొని స్పీడ్ పోస్టులో పంపండి. కేంద్ర ఫిర్యాదుల పోర్టల్‌లో ఫిర్యాదు వేస్తే అది తిరిగి తిరిగి చివరకు అదే రికార్డ్స్ ఆఫీసు బల్ల మీదకే వస్తుంది, కాబట్టి దానిని మొదటి మెట్టుగా కాక, జవాబు రాని పక్షంలో గుర్తుచేయడానికి వాడుకోవడం మేలు.

రాతపూర్వకంగా కాదన్నా, ఆరు నెలలు దాటినా జవాబు ఇవ్వకపోయినా సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఉభయ తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. 2007 నాటి చట్టం 22వ సెక్షను ప్రకారం తుది జవాబు వచ్చిన ఆరు నెలలలోగా దరఖాస్తు వేయాలి, ఆలస్యాన్ని మన్నించమని వేడుకునే వీలుంది. అయితే పింఛను కేసులలో న్యాయవాదులు చెప్పే ధైర్యం ఇక్కడ పూర్తిగా పనిచేయదు. పింఛను తక్కువగా రావడం నెలనెలా కొనసాగే అన్యాయం కనుక ఆలస్యాన్ని అంతగా పట్టించుకోరు, 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది అటువంటి కేసుల గురించే. సర్వీస్ మెడల్‌తో నెలనెలా వచ్చే డబ్బేమీ లేదు కనుక ఇరవై ఏళ్ల జాప్యాన్ని అక్కడ గట్టిగా ప్రశ్నిస్తారు. ట్రిబ్యునల్ దాకా పోకుండా రికార్డ్స్ ఆఫీసులోనే తేల్చుకోవాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

సేనా మెడల్ సంగతికి వస్తే, అది శౌర్యానికైనా విశిష్ట సేవకైనా గెజిట్‌లో ప్రకటించే పురస్కారం. భారత గెజిట్‌లో మీ పేరు ఉండి డిశ్చార్జి బుక్కులో లేకపోతే అది రికార్డు లోపం, గెజిట్ నకలు జతచేస్తే సరిదిద్దించవచ్చు. గెజిట్‌లో పేరు లేకపోతే సరిదిద్దడానికి అక్కడ రికార్డే లేదు. కంపెనీ కమాండర్ పంపిన సిఫారసు బెటాలియన్‌లో, బ్రిగేడ్‌లో, ఆపైన కమాండ్‌లో ఎక్కడైనా ఆగిపోవచ్చు, అలా ఆగినవి ఎన్నో ఉంటాయి. ఆగిపోయిన సిఫారసును తిరగదోడమని అడగడం కొత్త పురస్కారం కోరడమే అవుతుంది. రెండింటినీ ఒకే దరఖాస్తులో కలిపితే తేలికగా తేలవలసిన స్టార్ పని కూడా దానితో పాటు చిక్కుకుపోతుంది. కనుక 1999 స్వాతంత్ర్య దినోత్సవానికి, 2000లో రిపబ్లిక్ దినోత్సవానికి, స్వాతంత్ర్య దినోత్సవానికి వెలువడిన గెజిట్ జాబితాలు చూసుకోండి. అక్కడ మీ పేరు లేకపోతే ఆ మాటను దరఖాస్తులో ఎత్తకండి.

ఎంట్రీ పడిన తరువాత మెడల్ కూడా వెంటనే చేతికి వస్తుందని అనుకోవద్దు. ఎంట్రీ వేరు, లోహపు బిళ్ల వేరు. దానికి విడిగా ఇండెంటు (సరఫరా కోరే కాగితం) పోవాలి, రావడానికి చాలా సమయం పట్టవచ్చు. దాని మీద నంబరు, ర్యాంకు, పేరు చెక్కుతారు కనుక ఆ ఇండెంటులో మీ ఇంటిపేరు స్పెల్లింగు డిశ్చార్జి బుక్కులోనూ పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు)లోనూ ఉన్నట్టే ఉందో లేదో ముందే చూసుకోండి. మన ఇంటిపేర్లను ఉత్తరాది క్లర్కులు ఇంగ్లీషులో రకరకాలుగా రాస్తారు, నా మెడల్ మీద ఒక అక్షరం ఇప్పటికీ తప్పుగానే ఉంది.