స్ప్రింగుల జోలికి వెళ్లేముందు లింక్ రాడ్లు చూపించండి

మీ ఏడు సీట్ల బండి బెంగళూరు హెబ్బాళ ఫ్లైఓవర్ వంపులో ఒక పక్కకు ఒరిగిపోతోందని, వెనుక సీటులో పిల్లలు వాంతులు చేసుకుంటున్నారని రాశారు. పొట్టి స్ప్రింగులు వేయించి బండిని కిందికి దించాలా, వెడల్పు టైర్లు వేయించాలా అని అడిగారు. నా మాట వింటే ఇప్పుడే ఆ రెండూ వద్దు. ఈ జబ్బుకు ముందు తప్పుడు మందు వాడి, ఆ తరువాత సరైనది వాడినవాణ్ణి నేను.

నాదీ ఎత్తు బండే. 70,000 కిలోమీటర్లు తిరిగాక కొన్నాను. బెంగళూరు నుంచి ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు మీదుగా ఏడాదికి రెండు మూడుసార్లు తిరుపతి వెళ్తాం. తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డు 1944 నాటిది, 36 మలుపులు. ఆ మలుపుల్లో మా అమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చునేది. చూడలేక స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు కొన్నాను. ఒరగడం కాస్త తగ్గిన మాట నిజమే. కానీ మా వీధి గుంతల్లో ప్రతి దెబ్బా నేరుగా నడుముకు తగిలేది. బఫరు ఉన్నచోట చుట్లు సరిగ్గా కదలవు, ఆ పని కూడా మిగతా చుట్లే చేయాలి. మూడు నెలలకు పీకించేశాను.

అసలు సంగతి జేసీ రోడ్డు దగ్గర ఒక మెకానిక్ చెప్పాడు. మదనపల్లె వైపు మనిషి. బానెట్ కూడా ఎత్తకుండా ఒకే ప్రశ్న వేశాడు: "పొడుగు వంపులో ఒరుగుతుందా సార్, లేన్ మారేటప్పుడు ఊగుతుందా?"

ఆ రెండూ వేరని నాకు అప్పటిదాకా తెలియదు. పొడుగు వంపులో బండి ఎంతవరకు ఒరిగి ఆగుతుందనేది స్ప్రింగుల మీద, స్టెబిలైజర్ బారు మీద (అదేమిటో కింద చెబుతాను) ఆధారపడుతుంది. షాక్ అబ్జార్బర్లు ఆ కోణాన్ని మార్చలేవు. బండి ఎంత గబుక్కున ఒరుగుతుంది, మళ్లీ ఎంత త్వరగా కుదుటపడుతుంది అన్నదే వాటి చేతిలో ఉంటుంది. స్టీరింగ్ చటుక్కున తిప్పినప్పుడు బండి అటూ ఇటూ రెండు మూడుసార్లు ఊగితే షాక్ అబ్జార్బర్లను అనుమానించాలి. హెబ్బాళ లాంటి వంపులో ఒరిగి, అలాగే నిలబడితే బారును, దాన్ని పట్టి ఉంచే రబ్బరు బుష్‌లను చూడాలి.

స్టెబిలైజర్ బారు అంటే ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్లను కలిపే ఉక్కు కడ్డీ. దాని కొనలను సస్పెన్షన్‌కు తగిలించే చిన్న కడ్డీలే లింక్ రాడ్లు. రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే అది తన బుష్‌లలో ఊరికే తిరుగుతుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి పోయినప్పుడే మెలిపడి అడ్డుకుంటుంది. బుష్‌లు అరిగినా, లింక్ రాడ్ కీళ్లు వదులైనా, బండి కొంత ఒరిగేదాకా కడ్డీకి కబురే అందదు. నా బండిలో జరిగింది అదే. ఎడమ లింక్ రాడ్ చేత్తో ఊపితేనే టకటకమంది. ఆ చప్పుడును రెండేళ్లుగా డిక్కీలో జాకీ చప్పుడనుకుంటున్నాను! వెనుక ఒక షాక్ అబ్జార్బరు నూనె కారుతోంది. అవి జతగానే మార్చాలి కనుక రెండూ మార్పించాను. లింక్ రాడ్లు, బుష్‌ల ఖర్చు నేను బఫర్లకు తగలేసిన దానికంటే తక్కువ.

ఇక పైసా ఖర్చు లేనివి. డ్రైవరు తలుపు దగ్గర అతికించిన కాగితంలో టైర్ల గాలి లెక్క ఉంటుంది. చాలా బండ్లకు నిండా మనుషులున్నప్పుడు ఇంకా ఎక్కువ పట్టించమని ఉంటుంది. బంకులో కుర్రవాడు అడగకుండానే 30 పట్టేస్తాడు, మనమూ తల ఊపి వచ్చేస్తాం. గాలి తక్కువైతే టైరు పక్కగోడలు వంగి, బండే ఒరుగుతున్నట్టు అనిపిస్తుంది. పైన క్యారియర్ ఉంటే విప్పేయండి. ఊరి నుంచి తెచ్చే బియ్యం మూట డిక్కీ నేల మీద, సీటు వీపుకు ఆనించి పెట్టాలి.

కిందికి దించడం నాకు నచ్చదు. బెంగళూరు స్పీడ్ బ్రేకర్ల సంగతి మీకు నేను చెప్పాలా? పైగా మన కార్లలో ఎక్కువగా ఉండే మాక్‌ఫర్సన్ స్ట్రట్ సస్పెన్షన్‌లో బండిని బాగా దించితే, అది ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు బరువు కేంద్రం కంటే ఎక్కువగా కిందికి జారుతుంది. అంటే బండిని ఒరగదోసే బలానికి మీట ఇంకా పొడుగవుతుంది. వెడల్పు టైర్లు రోడ్డును బాగా పట్టుకుంటాయి కానీ ఒరగడాన్ని ఆపవు. 185/65 ఆర్15 తీసి 195/55 ఆర్16 వేస్తే చక్రం ఎత్తు ఇంచుమించు అంతే ఉంటుంది, పక్కగోడ 13 మిల్లీమీటర్లు తగ్గుతుంది. స్టీరింగ్ చురుగ్గా అనిపిస్తుంది, గుంత తగిలితే రిమ్ము వంగే భయమూ పెరుగుతుంది.

అన్నీ బాగుచేయించాక కూడా చాలదనిపిస్తే లావు స్టెబిలైజర్ బారు గురించి ఆలోచించవచ్చు. దాని బిగువు వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది: 20 మిల్లీమీటర్ల కడ్డీ బదులు 22 వేస్తే 46 శాతం ఎక్కువ. ముందు మాత్రమే బిగిస్తే మలుపులో ముక్కు బయటికి పోతుంది. వెనుక అతిగా బిగిస్తే వానలో తోక జారుతుంది. ఒక్క చక్రం గుంతలో పడ్డప్పుడు తలలు అటూ ఇటూ కొట్టుకుంటాయి. పిల్లల వాంతులు తగ్గించాలనుకునేవారికి అది మంచి బేరం కాదు. నేను వేయించలేదు.

ఇంకొకటి, కోపం తెచ్చుకోకండి. 40లో తిరిగే వంపును 50లో తిరిగితే పక్కకు తోసే బలం 56 శాతం పెరుగుతుంది. వంపులోకి వెళ్లాక బ్రేకు తొక్కకుండా, ముందే వేగం తగ్గించి, స్టీరింగును ఒకే ఊపులో నిదానంగా తిప్పి చూడండి.

రేపు టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి సరిచూసి, కిటికీలు దించి, ఒక పక్క చక్రాలు మాత్రమే ఎక్కేలా ఏదైనా గతుకు మీద నెమ్మదిగా నడపండి. టకటక చప్పుడు వస్తే ముందు నుంచా వెనుక నుంచా, ఏ పక్క నుంచో రాయండి. మిగతాది అప్పుడు చెబుతాను.