పక్క సర్దడం కూడా చదువేనా?

ప్రశ్న: మేడమ్, నేను హోటల్ మేనేజ్‌మెంట్ రెండో సంవత్సరం చదువుతున్నాను. షెఫ్ అవ్వాలని చేరాను. ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కి హైదరాబాద్‌లో ఒక స్టార్ హోటల్‌కి పంపారు. ఏడు వారాలుగా హౌస్‌కీపింగ్‌లోనే ఉంచారు. రోజంతా పక్కలు సర్దడం, బాత్‌రూములు కడగడమే పని. అమ్మకి మాత్రం కిచెన్‌లో చేస్తున్నానని చెప్పాను. మానేసి వచ్చేయాలనిపిస్తోంది.
- ఒక విద్యార్థి, గుడివాడ

జవాబు: మానేయకు బాబూ. ముప్పై ఏళ్ల కిందట నేనూ అక్కడే నిలబడ్డాను. ట్రైనీగా నా మొదటి రోజు సూపర్‌వైజర్ ఒక చిన్న అద్దం తెచ్చి కమోడ్ అంచు కింద పెట్టి చూపించారు. నేను తళతళలాడుతోందనుకున్న దాని అడుగున పసుపు గార అలాగే ఉంది. మళ్లీ కడిగాను. ఆ సాయంత్రం బస్సులో ఏడ్చాను కూడా. ఇప్పటికీ ఏ గదిలోకి వెళ్లినా నా కళ్లు ముందు మూలల్లోకే పోతాయి. ఆ అలవాటే తర్వాత నన్ను ఎగ్జిక్యూటివ్ హౌస్‌కీపర్‌ని, అంటే ఆ శాఖకే పెద్దని చేసింది.

గది తుడిచేటప్పుడు తలుపు దగ్గర మొదలుపెట్టి, ఒకే వైపుగా చుట్టూ తిరిగి మళ్లీ తలుపు దగ్గరికే రావాలని నీకు నేర్పే ఉంటారు. ఇష్టమొచ్చిన చోట మొదలుపెడితే ఫోన్ వెనకో, ఫొటో ఫ్రేమ్ మీదో దుమ్ము మిగిలిపోతుంది. కమోడ్ తుడిచే గుడ్డ వేరు, గ్లాసు తుడిచే గుడ్డ వేరు. రేపు కిచెన్‌లోనూ ఇదే పద్ధతి చూస్తావు. పచ్చి మాంసానికి ఎర్ర బోర్డు, కూరగాయలకి ఆకుపచ్చ, చేపకి నీలం. పచ్చి కోడి కోసిన బోర్డు మీదే కీరా కోసి పంపితే తిన్నవాళ్లు ఆసుపత్రి పాలవ్వొచ్చు. గుడ్డలు కలపకూడదని చేతికి అలవాటైనవాడు బోర్డులూ కలపడు.

అయితే నీ బాధలో న్యాయం ఉంది. ట్రైనింగ్ అంటే గెస్టుల్ని చేర్చుకునే ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్, వడ్డించే సర్వీస్, కిచెన్ నాలుగూ తిరగాలి. మనుషులు చాలలేదని ఒక్కచోటే ఉంచేస్తే ఊరుకోకూడదు. నేను ఊరుకున్నాను. నన్ను దుప్పట్లు, తువ్వాళ్లు ఉంచే లినెన్ రూమ్‌లో వారాల తరబడి ఉంచితే, అడిగితే ఏమంటారోనన్న టెన్షన్‌తో నోరు విప్పలేదు. ఫ్రంట్ ఆఫీస్ ముఖమే చూడలేదు. ఎన్నో ఏళ్లకి నైట్ మేనేజర్ ఇంటర్వ్యూలో నైట్ ఆడిట్, అంటే ఆ రోజు లెక్కలు రాత్రి సరిచూసి ముగించడం, ఎలా చేస్తారని అడిగితే జవాబు లేక కూర్చున్నాను. ఆ ఉద్యోగం రాలేదు.

అందుకని లాగ్‌బుక్ తీసుకుని ట్రైనింగ్ మేనేజర్ దగ్గరికి వెళ్లు. ఏ వారం ఎక్కడ చేశావో చూపించి, "సర్, కిచెన్‌కి ఏ తేదీ నుంచి వేస్తారు?" అని అడుగు. తేదీ చెప్పకపోతే మీ కాలేజీలో ట్రైనింగ్ చూసే లెక్చరర్‌కి మెయిల్ పెట్టు. ఫోన్‌లో చెప్పి వదిలేయకు. ఒకటి గుర్తుంచుకో, కిచెన్‌లోకి వెళ్లినా మొదట ఉల్లిపాయల బస్తాలే. కింది మెట్టు వంటవాడు కమీ త్రీ. అక్కణ్నుంచి కమీ వన్ దాకా, ఆపైన డీసీడీపీ (ఒక విభాగం చూసే షెఫ్‌కి సహాయకుడు), సీడీపీ (ఆ విభాగం చూసే షెఫ్) అయ్యాక గానీ సూ షెఫ్, అంటే హెడ్ షెఫ్ తర్వాతివాడు, అనిపించుకోవు.

అమ్మకి మాత్రం ఈ వారాంతపు సెలవులో నిజం చెప్పేయి. ఆవిడ కోప్పడినా పరవాలేదు. నువ్వు దాస్తున్నంతకాలం ఆ పని నీకే సిగ్గుగా అనిపిస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రాస్తోంది. హోటల్ లైన్‌లోకి వెళ్తానంటోంది. ఎక్కడ చేర్చాలి?
- ఒక తల్లి, ఒంగోలు

జవాబు: ఇంటర్‌లో ఇంగ్లిష్ ఒక సబ్జెక్టుగా ఉంటే హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీల జాతీయ ప్రవేశ పరీక్ష ఎన్‌సీహెచ్ఎం జేఈఈ రాయించండమ్మా. మూడేళ్ల బీఎస్సీ. హైదరాబాద్ విద్యానగర్‌లో ఐహెచ్ఎం (హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్) ఉంది, తిరుపతిలో రాష్ట్ర సంస్థ ఉంది. ప్రైవేటు కాలేజీ అయితే ఫీజు కట్టేముందు వాళ్ల ట్రైనింగ్ కిచెన్ చూడండి. పదిమందికి ఒక స్టవ్వుంటే అమ్మాయి వంట నేర్చుకోదు, చూస్తుంది. కిందటి బ్యాచ్ పిల్లలు ఏ హోటళ్లలో ట్రైనింగ్ చేశారో పేర్లు అడిగి, వాళ్లలో ఒకమ్మాయితో మాట్లాడించండి. రాత్రి షిఫ్టు అయ్యాక క్యాబ్‌లో దింపారా అని ఆ అమ్మాయినే అడగండి.